మైనర్లకు ప్రవేశం లేదు

ప్రభుదాసు గారికి బోర్డుల జబ్బుంది. బోర్డు మీద ఏది రాసి ఉంటే దాన్ని పొల్లు పోకుండా పాటించాల్సిందే. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు అన్న మీమాంస ఆయనకు లేదు. రాసి ఉందా? ఉంది. అయితే తల వంచడమే. ఏలూరు కోర్టులో బెంచి గుమస్తాగా చేసి రిటైరైన పెద్దమనిషి. నెమ్మదస్తుడు. చర్చిలో గంట కొట్టకముందే వెళ్ళి కూర్చునే రకం. నోరు తెరిస్తే అండీ లేకుండా మాట రాదు, పాలు తాగే పసివాణ్ణి కూడా తమరనే అంటారు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, దారిలో ఒక బోర్డు తగిలిందంటే మాత్రం ఆయనతో వేగడం మానవమాత్రుల వల్ల కాదని దక్షిణామూర్తి అభిప్రాయం.

దక్షిణామూర్తికి ఆ అభిప్రాయం ఊరికే ఏర్పడలేదు. ఆయన నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటు. అద్దెకున్న ఇంటి గేటుకి పాత అద్దెదారులు తగిలించిపోయిన బోర్డొకటి ఉండేది, ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని. కుక్క మాత్రం వాళ్ళతోపాటే వెళ్ళిపోయింది. ప్రభుదాసు గారు ఎప్పుడొచ్చినా గేటు బయటే గొడుగు పట్టుకుని నిలబడేవారు.

“రండి ప్రభుదాసు గారూ, కుక్క లేదండి!”

“ఉందని రాసి ఉందండి.”

“నేను ఈ ఇంట్లోనే ఉంటున్నానండి. లేదని నాకు తెలుసు కదండీ.”

“తమరు చూడనప్పుడు వస్తుందేమోనండి.”

దక్షిణామూర్తి భార్య ఆండాళ్ళు కాఫీ గ్లాసు గేటు పైనుంచి అందించేది. చివరికి విసిగిపోయి ఆవిడే ఆ బోర్డు పీకి అటకెక్కించింది. మరునాడు ప్రభుదాసు గారు వచ్చి నేరుగా లోపలికి నడిచి, కుర్చీలో కూర్చుని, “పాపం, కుక్క పోయిందాండీ? ఎప్పుడండీ?” అని పరామర్శించారు.

పోస్టాఫీసులో ‘వరుసలో నిలబడవలెను’ అని ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన వెళ్ళేసరికి కౌంటరు దగ్గర నరపురుగు లేదు. లోపలున్న గుమస్తా, “రండి, ఏం కావాలండీ?” అన్నాడు. ప్రభుదాసు గారు కదలలేదు. “ఒక్కణ్ణే ఉన్నానండి. ఒక్కడితో వరుస ఎలా అవుతుందండీ?” అన్నారు. ఎవరో ఒకాయన స్టాంపుల కోసం వచ్చేదాకా ఆగి, ఆయన్ని బతిమాలి తన వెనకాల నిలబెట్టుకుని, అప్పుడు కార్డు కొన్నారు.

వీటన్నిటికీ తలమానికం బస్సు సంగతి. ఆయన అల్లుడు ఏలీయా బస్సు డ్రైవరు. ఒకసారి తాడేపల్లిగూడెం వెళ్ళడానికి ప్రభుదాసు గారు ఎక్కిన బస్సు సరిగ్గా అల్లుడిదే. ముందు సీటు దొరికింది. ఎదురుగా ‘డ్రైవరుతో మాట్లాడరాదు’ అని బోర్డు.

“నమస్కారం మావయ్యగారూ!” అన్నాడు ఏలీయా.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

దెందులూరు దాటాక, “అత్తయ్యగారికి జ్వరం తగ్గిందాండీ?” అని అడిగాడు. మామగారు కిటికీలోంచి వరిచేలు చూస్తున్నారు. భీమడోలు దగ్గర, “నా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందాండీ?” అన్నాడు. దానికీ జవాబు లేదు. ఉంగుటూరు వచ్చేసరికి అల్లుడి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, బస్సు అటూ ఇటూ తిరుగుతోంది. తాడేపల్లిగూడెం బస్టాండులో ప్రభుదాసు గారు దిగి, బస్సు ముందునుంచి చుట్టూ తిరిగి డ్రైవరు కిటికీ కిందికొచ్చి, నేల మీద నిలబడి నవ్వుతూ చేతులు జోడించారు.

“నమస్కారం అల్లుడుగారూ! జ్వరం తగ్గిందండి. తమ వల్ల పొరపాటేమీ లేదండి.”

అలాంటి మనిషిని తెచ్చి బార్‌కి మేనేజరుగా పెట్టింది ఇంకెవరో కాదు, దక్షిణామూర్తే.

తమ్మిలేరు గట్టు పక్కన తమ్మిలేరు స్పోర్టింగ్ క్లబ్ అని ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఉండేది. దానికి దక్షిణామూర్తి సెక్రటరీ. గ్రౌండుని ఆనుకుని ఒక మేడ. మేడ మీద అభిమానుల కోసం ఒక బారు. లోపలి గదిలో బీరు పోసేవారు. బయట బాల్కనీలో బల్లలు వేసి ఉండేవి, అక్కడినుంచి గ్రౌండు మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనపడేది. మ్యాచి ఉన్న ఆదివారం ఊళ్ళోని అభిమానులంతా అక్కడికే చేరేవారు. వాళ్ళ వెనకాల వాళ్ళ పిల్లలు. గోలీసోడాలు, మిరపకాయ బజ్జీలు, అరుపులు, ఏడుపులు. మేనేజరు ప్రభుదాసు గారు ఒక్కొక్కరినీ “తమరు కాస్త సర్దుకోండి బాబూ, తమరు బల్ల మీద నిలబడకండి తల్లీ” అంటూ తిరుగుతుండేవారు. పేచీ అక్కడే వచ్చింది.

పేచీ తెచ్చినవాడు చంటి. మండవల్లి మనిషి. కొల్లేటి అంచున చేపల చెరువులు తవ్వి, రెండు మూడేళ్ళలో చొక్కాలన్నీ తెల్లవి చేసుకున్నాడు. మెడలో వేలెడు లావు గొలుసు. జల్సారాయుడన్న గొప్ప కోసం జీపు వెనకాల పెద్ద పెద్ద అక్షరాలతో ‘మైనరు చంటి, మండవల్లి’ అని రాయించుకున్నాడు. క్లబ్బుకి జెర్సీలు కుట్టించింది అతనే. ఊరూరా మ్యాచిలకు జట్టు వెళ్ళేది అతని చేపల వ్యానులోనే. ఆ వ్యాను దిగినవాళ్ళ దగ్గరికి రావడానికి ఎదుటి జట్టు డిఫెండర్లు జంకేవారు, దానివల్ల గెలిచిన మ్యాచిలు కూడా ఉన్నాయి.

2004 చలికాలంలో ఒకరోజు కమిటీ కూర్చుంది. చంటి లేచాడు.

“సెక్రటరీ గారూ, బార్లోకి పిల్లలేంటండీ? గ్లాసు ఎత్తితే చాలు, అరడజను కళ్ళు గుచ్చి గుచ్చి చూస్తన్నాయండి. మొన్న ఒక పిల్ల నా దగ్గరికొచ్చి ఏమందో తెలుసాండీ? ‘మీ అమ్మకి తెలుసా అంకుల్?’ అందండి!”

కమిటీలో ఎవరో నవ్వబోయి దగ్గారు.

పాతకాలపు అభిమాని తోమా తాత అడ్డం తగిలాడు. “పిల్లల్ని రానివ్వకపోతే ఎలాగండీ? నా మనవడు పక్కనుంటే ఒక్క గ్లాసుతో లేస్తానండి. లేకపోతే నన్ను లేపడానికి నలుగురు కావాలండి.”

“బారన్నాక బారే, బడన్నాక బడే. రెండూ కలిపేస్తే ఎలాగండీ?” అన్నాడు చంటి. “పిల్లలైనా ఉండాలి, నా వ్యానైనా ఉండాలి. మీరే తేల్చుకోండి.”

మీటింగు అయ్యాక గోల్‌కీపర్ ఏసుకుమార్ మెట్ల దగ్గర దక్షిణామూర్తిని పట్టుకున్నాడు. ఏసుకుమార్ తివాచీలు నేసేవాడు. పొద్దస్తమానం ముళ్ళు వేసే చేతులు కావడాన బంతి వాటిలో పడితే జారేది కాదు. అతని భార్య జాయ్సీ ఆసుపత్రిలో నర్సు. ఆదివారం డ్యూటీ తప్పదు.

“నాకు ఇద్దరు పిల్లలండి. ఇంటి దగ్గర చూసేవాళ్ళు లేరు. బాల్కనీలో కూర్చోబెడితే గోల్ దగ్గర్నుంచి నాకు కనపడుతుంటారండి. వాళ్ళని రానివ్వకపోతే నేను ఆడలేనండి. ఆట మానెయ్యడం తప్ప దారి లేదండి.”

ఆదివారం ఆ గంటన్నర ఆట కోసమే వారమంతా మగ్గం ముందు కూర్చునే మనిషి అతను. దక్షిణామూర్తికి జాలి వేసింది. కానీ జాలి వ్యాను నడపదు. గోల్‌కీపర్ లేకపోతే మ్యాచి ఓడిపోతాం, వ్యాను లేకపోతే మ్యాచికే వెళ్ళలేం అని లెక్కవేసుకుని, “రూలు రూలేనయ్యా” అని మెట్లు దిగిపోయాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు, అది వేరే సంగతి.

మరునాడు ప్రభుదాసు గారిని పిలిచాడు.

“మెట్ల దగ్గర బోర్డు పెట్టించండి. ‘మ్యాచి రోజుల్లో మైనర్లకు ప్రవేశం లేదు’ అని.”

పిల్లలకు అని రాయించడం దక్షిణామూర్తి మనసుకు ఒప్పలేదు. మైనర్లు అంటే కాస్త ఆఫీసు భాషలా ఉంటుంది, ఎవరినో తిట్టినట్టు ఉండదు.

ప్రభుదాసు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. “మైనర్లకేనాండీ?”

“మైనర్లకే.”

“ఎంతటివాళ్ళైనా సరేనాండీ? క్లబ్బుకి కావలసినవాళ్ళైనా?”

ఏసుకుమార్ గురించి అడుగుతున్నారనుకున్నాడు దక్షిణామూర్తి. మనసు రాయి చేసుకుని, “ఎంతటివాళ్ళైనా సరే. మొహమాటపడకండి” అన్నాడు.

“సరేనండి. బోర్డు మీద ఉంటే నాకు మొహమాటం దేనికండీ?” అన్నారు ప్రభుదాసు గారు.

ఆదివారం తాడేపల్లిగూడెం జట్టుతో మ్యాచి. దక్షిణామూర్తి మేడ మీద ఏర్పాట్లు చూస్తున్నాడు. ఏసుకుమార్ ఆడతాడో లేదో అని లోలోపల పీకుతూనే ఉంది. చూస్తుండగా బాల్కనీలోకి ఒక పిల్లాడొచ్చాడు. వాడి వెనక ఇంకొకడు. ఆ వెనక ఒక గుంపు. కింద మెట్ల దగ్గర గోలగా ఉంది. పరుగున దిగాడు.

మెట్ల మొదట్లో ప్రభుదాసు గారు, పక్కన కొత్త బోర్డు, ఎదురుగా పిల్లల వరుస. ఏసుకుమార్ కూతురు కెజియా తమ్ముణ్ణి ఒక చేత్తోనూ, చంకలో బాతునొక చేత్తోనూ పట్టుకుని నిలబడింది. గోల్‌కీపరు జెర్సీ వేసుకుని ఏసుకుమార్ దూరంగా గోడవార నిలబడి చూస్తున్నాడు.

“తమరు మైనరాండీ?” అని అడిగారు ప్రభుదాసు గారు.

“కాదండి, మూడో తరగతండి.”

“జీపుందాండీ?”

“లేదండి.”

“మెడలో గొలుసు?”

“లేదండి.”

“చేపల చెరువులు?”

“లేవండి. ఈ బాతే ఉందండి.”

“బాతు సంగతి బోర్డు మీద లేదండి. దయచేయండి.”

దక్షిణామూర్తి నోరు తెరిచేలోపే జీపొచ్చి ఆగింది. చంటి దిగాడు. వెనకాల నలుగురు అనుచరులు. మెట్టు మీద కాలు పెట్టబోయేసరికి ప్రభుదాసు గారు గొడుగు అడ్డం పెట్టారు.

“మన్నించాలండి. మైనర్లకు ప్రవేశం లేదండి.”

చంటి బోర్డు చదివాడు. మళ్ళీ చదివాడు. మొహం ఎర్రబడింది. “నన్ను ఆపుతారాండీ?”

“తమరు మైనరు కాదంటారాండీ?”

ప్రశ్న చిన్నదే. కానీ వెనక నలుగురు అనుచరులున్నారు, ఆ వెనక జీపుంది, జీపు మీద అక్షరాలున్నాయి. కాదని ఎలా అంటాడు? చంటి మీసం మీద చెయ్యి వేశాడు.

“ఎందుక్కాదండీ? మైనర్నే! కొల్లేటి చుట్టుపక్కల ఎవర్నైనా అడగండి!”

“అడగక్కర్లేదండి, జీపు మీద రాసి ఉంది. రాసి ఉన్నాక ఇంకేముందండీ? గ్రౌండులో గీత పక్కన కుర్చీ వేయించానండి. సోడా పంపిస్తాను.”

దక్షిణామూర్తి ఆయన్ని పక్కకు లాగాడు. “ప్రభుదాసు గారూ! మైనర్లంటే పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళండి!”

“అలా బోర్డు మీద లేదండి.”

“నేను చెబుతున్నా కదండీ!”

“తమరు బోర్డు కాదండి.”

ఈలోగా రిఫరీ విజిల్ వేశాడు. చేసేదిలేక చంటి గ్రౌండులోకి నడిచాడు. దక్షిణామూర్తి తల పట్టుకుని మేడెక్కాడు. వ్యాను పోయింది, జెర్సీలు పోయాయి, ఇక తన సెక్రటరీగిరీ కూడా పోయినట్టేనని బాల్కనీ మూల కూలబడ్డాడు.

నిజానికి చంటి అన్నాళ్ళుగా క్లబ్బుకి అభిమానే గానీ, మ్యాచి చూసింది లేదు. లోపలి గదిలో కూర్చుంటే కనపడేది గ్లాసు, ఎదురుగా గోడ. గోల్ పడిందని ఎవరైనా చెబితే చెయ్యెత్తి అరిచేవాడు, ఏ జట్టుకి పడిందో తర్వాత కనుక్కునేవాడు. ఈసారి గీత పక్కనే కుర్చీ. బంతి మొహం మీదుగా పోతోంది. కాసేపు చేతులు కట్టుకుని ముభావంగా ఉన్నాడు. కాసేపటికి ఒక కాలు ఆడించాడు. ఇంకాసేపటికి కుర్చీలోంచి లేచి, “అటు కాదు, ఇటు ఇవ్వండి బాబూ, ఇటు!” అని గీత వెంబడి పరుగులు పెడుతున్నాడు. తెల్లచొక్కా తమ్మిలేరు దుమ్ముతో ఇటుక రంగుకి తిరిగింది.

ఆట ముగిసేముందు తాడేపల్లిగూడెం వాళ్ళకు పెనాల్టీ దొరికింది. రెండు జట్లూ చెరొక గోల్‌తో సమానంగా ఉన్నాయి. ఇది పడితే ఓటమే. ఏసుకుమార్ గోల్ మధ్యలో నిలబడి ఒక్కసారి బాల్కనీ వంక చూశాడు. పిల్లలంతా కటకటాలకు అతుక్కుపోయారు. కెజియా కళ్ళు గట్టిగా మూసుకుంది. బంతి కుడివైపు దూసుకొచ్చింది. ఏసుకుమార్ ఎగిరాడు. బంతి ఆ చేతుల్లో పడి, అలవాటు ప్రకారం, మళ్ళీ బయటికి రాలేదు.

చంటి “వారి నాయనో!” అని కేకవేసి, రిఫరీని తోసుకుని, గోల్‌కీపర్‌ని కౌగిలించుకోవడానికి ఉరికాడు. ఆ ఊపులో ఇద్దరూ కలిసి గోల్ వెనక వలలో పడ్డారు. ఏసుకుమార్ లేచాడు. చంటి లేవలేకపోయాడు. గొలుసు వలలో చిక్కుకుంది.

లాగితే గొలుసు తెగుతుంది, లేదా వల తెగుతుంది. “కదలకండి” అని ఏసుకుమార్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ముడి తర్వాత ముడి విప్పడం మొదలుపెట్టాడు. రిఫరీ ఆట ఆపేశాడు. మండవల్లి మైనరు వలలో పడ్డ బొచ్చె చేపలా ముక్కు నేలకానించి పడుకున్నాడు.

“బాగా పట్టారండి బంతి” అన్నాడు నేలనుంచే.

“పిల్లలు కనపడుతుంటే పట్టగలనండి. అదిగో, బాతు పట్టుకున్నది మా అమ్మాయి.”

చంటి మెడ తిప్పగలిగినంత తిప్పి పైకి చూశాడు.

“ఆ రోజు ‘మీ అమ్మకి తెలుసా’ అన్నది ఆ పిల్లేనండి.”

“అయ్యో! చిన్నపిల్లండి, ఏమీ అనుకోకండి.”

“అనుకోడానికేముందండీ?” అన్నాడు చంటి నిట్టూరుస్తూ. “మా అమ్మకి నిజంగానే తెలీదండి.”

ఆ సాయంత్రం అభిమానులంతా వెళ్ళాక దక్షిణామూర్తి మేనేజరు బల్ల ముందు కూర్చున్నాడు. వ్యాను ఎక్కడికీ పోలేదు, వచ్చే వారం కూడా ఆట కనపడే చోటే కుర్చీ కావాలని చంటి చెప్పి మరీ వెళ్ళాడు. అయినా దక్షిణామూర్తికి మనసులో ఒక ముల్లు కలుక్కుమంటోంది.

“ప్రభుదాసు గారూ, కోర్టులో ఉద్యోగం చేశారు. మైనరు ఫలానా, సంరక్షకుడు ఫలానా అని రోజూ రాసేవుంటారు. మైనరంటే మీకు తెలీదంటే నన్ను నమ్మమంటారా?”

ప్రభుదాసు గారు గ్లాసులు తుడుస్తూ చిన్నగా నవ్వారు.

“ఒక మాటకి రెండు అర్థాలున్నప్పుడు ఏది తీసుకోవాలో కూడా బోర్డు మీద రాసి ఉండదు కదండీ. ఎవరికీ అన్యాయం జరగనిది తీసుకున్నానండి. జెర్సీ చేత్తో పట్టుకుని మన గోల్‌కీపరు నిన్న నా దగ్గరికొచ్చాడండి, తిరిగి ఇచ్చేయడానికి. రేపొచ్చి బోర్డు చదువుకుని అప్పుడివ్వండి అన్నాను.”

ఇన్నేళ్ళుగా ఈ మనిషిని అమాయకుడనుకుని నవ్వుకున్నందుకు దక్షిణామూర్తి సిగ్గుపడ్డాడు. సిగ్గుతోపాటు హాయిగానూ అనిపించింది.

“ఇప్పుడు నేను పిల్లలకు ప్రవేశం లేదని తిన్నగా రాయిస్తే?”

ప్రభుదాసు గారి చెయ్యి ఆగింది. “పాటిస్తానండి. బోర్డు బోర్డే. కాకపోతే ఒక్క మనవి. ఏం రాయించినా చదివేవాడికి కాస్త చోటుంచి రాయించండి.”

డ్యూటీ దిగి వచ్చిన ఏసుకుమార్ భార్య జాయ్సీ అప్పుడే మెట్లెక్కుతోంది, పిల్లల్ని తీసుకెళ్ళడానికి. వాళ్ళు బల్ల కింద ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. ఆవిడ వాళ్ళని చూసి, తర్వాత దక్షిణామూర్తిని చూసి, “వచ్చే వారం కూడా రావచ్చాండీ?” అని భయం భయంగా అడిగింది. దక్షిణామూర్తి కుంచె తెమ్మన్నాడు.

తర్వాతి ఆదివారానికి మెట్ల దగ్గర కొత్త బోర్డు వెలిసింది. ‘మ్యాచి రోజుల్లో పెద్దలు పిల్లలతో కలిసి మాత్రమే రావలెను.’ అక్షరాలు దక్షిణామూర్తి స్వయంగా దిద్దాడు.

మొదట వచ్చింది చంటి. పెళ్ళి కానివాడు, పిల్లలు లేరు. పక్కన తెల్లచీర కట్టుకున్న పెద్దావిడని తీసుకొచ్చాడు.

“ఈవిడ మా అమ్మ, కాంతం గారండి. పెద్దావిడ. నేను ఈవిడ పిల్లాణ్ణి.”

ప్రభుదాసు గారు వెనక్కి తిరిగి బోర్డు ఆసాంతం చదివారు. “సరిపోయిందండి. దయచేయండి.” ఆ రోజు బాల్కనీలో తల్లి పక్కన కూర్చుని చంటి వరసబెట్టి గోలీసోడాలు తాగాడు.

మ్యాచి మొదలవబోతుంటే దక్షిణామూర్తి వచ్చాడు. గొడుగు అడ్డం వచ్చింది.

“తమరితో పిల్లలెవరండీ?”

“నేను సెక్రటరీనండి!”

“తెలుసండి. పిల్లలెవరండీ?”

దక్షిణామూర్తికీ ఆండాళ్ళుకీ పిల్లలు లేరు. అది ప్రభుదాసు గారికి తెలియనిది కాదు. దక్షిణామూర్తి తాను రాసిన అక్షరాలు తానే చూసుకుంటూ నిలబడ్డాడు. ప్రభుదాసు గారు అప్పటికే మేడ వైపు తిరిగి కేకేశారు.

“కెజియా గారూ! ఇక్కడొక పెద్దాయన ఒంటరిగా ఉన్నారండి. తమరు తీసుకెళ్తారాండీ?”

కెజియా దబదబా మెట్లు దిగి వచ్చింది. దక్షిణామూర్తిని ఎగాదిగా చూసి, ఆయన చిటికెన వేలు పట్టుకుంది.

“ఈయన మాతో వచ్చారండి” అని ప్రభుదాసు గారికి చెప్పి, మెట్ల వైపు లాగింది. “రండి తాతగారూ, మా నాన్న గోల్ ఆపినప్పుడు బాగా గట్టిగా అరవాలి. తెలుసా?”

“తెలుసండి” అన్నాడు దక్షిణామూర్తి.